నాయంకరం, చెరువు, ఆయం: మలిమధ్యయుగ ఇందూరు–బోధన్ సీమలో రాజకీయ, సామాజిక, ఆర్థిక వ్యవస్థలు

వ్యాససంగ్రహం:

ఐరోపా చరిత్రలో, ముఖ్యంగా ఇంగ్లండ్ చరిత్రలో, సుమారు 1300–1500 మధ్య కాలాన్ని మలిమధ్యయుగం అంటారు. ఆ కాలపు రాజకీయం, సమాజం, ఆర్థికం పరస్పరం ఎలా ముడిపడి ఉన్నాయో వివరించడానికి అక్కడి చరిత్రకారులు కొన్ని భావనలను రూపొందించారు. ఆ భావనలు తెలంగాణకు ఎంతవరకు వర్తిస్తాయి? నేటి నిజామాబాద్ పట్టణం, బోధన్ చెరకు సీమ ప్రాంతాన్ని ఆధారంగా చేసుకొని ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. కాకతీయుల నాయంకర వ్యవస్థ, 1323 తరువాతి అధికార మార్పులు, బోధన్ దేవల్ మసీదు, చెరువు ఆధారిత వ్యవసాయం, గ్రామ ఆయగాళ్ళ వ్యవస్థ ఇందులో చర్చాంశాలు.

ముఖ్యపదాలు: మలిమధ్యయుగం, నాయంకరం, దశబంధం, ఆయగాళ్ళు, ఇందూరు, బోధన్, కాకతీయులు, బహమనీలు, ఇంగ్లండ్.

1. ఉపోద్ఘాతం:

1944లో జి.ఎం. ట్రెవెల్యన్ ఇంగ్లండ్ సాంఘిక చరిత్రను ప్రచురించాడు. ఆరు శతాబ్దాల ఆ చరిత్రను రాజుల పట్టాభిషేకాలతో కాక చాసర్ కవి కాలంతో, అంటే 14వ శతాబ్దంతో, ప్రారంభించాడు. అయిదేళ్ళ తరువాత, 1949లో, సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' వెలువడింది. 1955లో తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దానికే దక్కింది. ఈ రెండు గ్రంథాల మధ్య ప్రత్యక్ష సంబంధాన్ని వెదకనవసరం లేదు. అయితే రెండూ ఒకే అవసరం నుంచి పుట్టాయి. రాజవంశాల వరుసను చెప్పినంత మాత్రాన ఒక జాతి ఏం తిన్నది, ఏం పండించింది, ఎవరికి పన్ను కట్టింది, ఎవరిని చూసి భయపడింది అన్నవి తెలియవు. వాటిని తెలుసుకోవడానికి సాహిత్యం, శాసనాలు, కట్టడాలు, నేల అన్నీ ఆధారాలు కావాలి.

నిజామాబాద్ ప్రాంతం విషయంలో ఈ అవసరం మరింత ఎక్కువ. బోధన్ అనగానే 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారం, శక్కర్‌నగర్, నిజాంసాగర్ కాలువల కింద పచ్చని చెరకు తోటలు గుర్తుకు వస్తాయి. ఈ ప్రాంత ఆర్థిక చరిత్ర 20వ శతాబ్దంలో ప్రారంభమైనట్లు భావించడం ఒక అలవాటుగా మారింది. దానికి ముందున్న కాలాన్ని పురాణ గాథలకో, రాజుల పేర్లకో వదిలివేయడం జరుగుతోంది. ఈ రెండింటి నడుమ మరుగున పడినది మలిమధ్యయుగం.

ఈ వ్యాసంలో మలిమధ్యయుగం అంటే కాకతీయ రుద్రమదేవి పాలన నుంచి 16వ శతాబ్ది ప్రారంభంలో గోల్కొండ కుతుబ్‌షాహీ రాజ్యం ఏర్పడే దాకా గడిచిన కాలం. ఈ హద్దుకు స్థానికమైన ఆధారం ఉంది. బోధన్ సమీపంలోని కోటగిరి తామ్రశాసనం 1273లో, రుద్రమదేవి పాలనలో వెలువడింది. హైదరాబాద్ రాజ్య పురావస్తు శాఖ తన గ్రంథమాలలో దీనిని ప్రకటించింది. ఓరుగల్లు కేంద్రంగా ఏర్పడిన పాలన మంజీరా తీరం దాకా విస్తరించిందనడానికి ఇది సాక్ష్యం.

2. సీమ స్వరూపం – పూర్వరంగం:

గోదావరి, మంజీరా నదుల నడుమ ఉన్న ఈ ప్రాంతం దక్కన్ పీఠభూమిలో ఒక కూడలి. కందకుర్తి వద్ద మంజీరా గోదావరిలో కలుస్తుంది. పడమట కన్నడ దేశం, ఉత్తరాన మరాఠ్వాడా, తూర్పున తెలుగు నేల ఈ సీమను ఆనుకొని ఉన్నాయి. బీదరు నుంచి ఓరుగల్లుకు వెళ్ళే సేనలకు గాని, వ్యాపారులకు గాని బోధన్ ఒక మజిలీ. ఆ కూడలి స్వభావమే ఈ ప్రాంత చరిత్రను నిర్ణయించింది.

బోధన్‌ను ప్రాచీన అశ్మక జనపద రాజధాని పోదనంగా పలువురు పండితులు గుర్తించారు. వేములవాడ చాళుక్యుల తొలి కేంద్రం ఇదే. ఆ వంశపు ఆస్థానంలో ఉన్న పంప మహాకవి తమ్ముడు జినవల్లభుడు సుమారు 945లో వేయించిన కుర్క్యాల శాసనం సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో ఉంది. తెలుగు కంద పద్యాలకు అది తొలి ఆధారాలలో ఒకటి. రాష్ట్రకూటుల కాలంలో బోధన్‌లో ఇంద్రనారాయణాలయం వెలసింది. 11వ శతాబ్దిలో కల్యాణీ చాళుక్య మొదటి సోమేశ్వరుని కాలంలో అది జీర్ణోద్ధరణ పొందింది. అంటే కాకతీయులు ఇక్కడికి వచ్చేనాటికి ఈ సీమ ఖాళీగా లేదు. కన్నడ శాసన సంప్రదాయం, జైన, వైష్ణవ, శైవ ధర్మాల సహవాసం, పాత రాచరికపు జ్ఞాపకాలు అప్పటికే ఇక్కడ ఉన్నాయి.

1163 నాటి హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం రుద్రదేవుని స్వతంత్ర ప్రతిపత్తిని చాటింది. గణపతిదేవుని (1199–1262) కాలానికి రాజ్యం తీరాంధ్రం దాకా విస్తరించింది. రాజ్యానికి కేంద్రం ఓరుగల్లు కాగా ఇందూరు–బోధన్ సీమ వాయవ్య సరిహద్దు అయింది. సరిహద్దు ప్రాంతంలో అధికారం కేంద్రంలో ఉన్నంత స్థిరంగా ఉండదు. అది వ్యక్తుల విధేయత మీద ఆధారపడుతుంది. నాయంకరం ప్రాముఖ్యం ఇక్కడే అర్థమవుతుంది.

3. రాజకీయం – నాయంకరం ఫ్యూడలిజమేనా?

రుద్రమదేవి కాలం నుంచి, ముఖ్యంగా ప్రతాపరుద్రుని (1289–1323) పాలనలో, నాయంకరం అన్న మాట శాసనాలలో ఎక్కువగా కనిపిస్తుంది. రాజు కొన్ని గ్రామాల ఆదాయాన్ని ఒక నాయకునికి అప్పగిస్తాడు. ప్రతిగా ఆ నాయకుడు నిర్ణీత సైన్యాన్ని పోషించి, రాజు పిలిచినప్పుడు యుద్ధానికి రావాలి. నాయకులతో పాటు లెంకలు, అంగరక్షకులు అన్న వర్గాలు కూడా రాజుకు వ్యక్తిగతంగా కట్టుబడినవారే.

ఈ వ్యవస్థను 'ఫ్యూడలిజం' అనవచ్చునా అన్నది పాత చర్చ. డి.డి. కోశాంబి, ఆర్.ఎస్. శర్మ భారతీయ భూస్వామ్య సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. శర్మ గ్రంథం 1965లో వచ్చింది. భారతదేశంలో రైతుకు ఉత్పత్తి సాధనాల మీద ఉన్న పట్టును చూపుతూ హర్బన్స్ ముఖియా 1979లో ఆ సిద్ధాంతాన్ని ప్రశ్నించాడు. బర్టన్ స్టెయిన్ దక్షిణ భారతానికి ఖండిత రాజ్య నమూనాను సూచించాడు. ఈ చర్చలో తరచుగా విస్మరించే విషయం ఒకటుంది. పోలికకు తీసుకున్న ఐరోపా ఏ శతాబ్దానిది? 11, 12 శతాబ్దాల ఇంగ్లండ్‌లో ప్రభువుకు, అనుచరునికి నడుమ బంధం వంశపారంపర్యమైన భూమి ద్వారా ఏర్పడింది. 14, 15 శతాబ్దాలకు ఆ స్థితి మారింది. నూరేళ్ళ యుద్ధం (1337–1453) సాగిన కాలంలో ప్రభువులు లిఖిత ఒప్పందాల ద్వారా, ఏటేటా కొంత సొమ్ము చెల్లించి, అనుచరులను సమకూర్చుకున్నారు. చార్లెస్ ప్లమర్ 1885లో దీనికి 'బాస్టర్డ్ ఫ్యూడలిజం' అని నిందాపూర్వకమైన పేరు పెట్టాడు. 1940లలో కె.బి. మెక్‌ఫార్లేన్ దానిని క్షీణదశగా కాక ఒక క్రియాశీలమైన రాజకీయ వ్యవస్థగా వివరించాడు.

నాయంకరాన్ని తొలి ఐరోపా ఫ్యూడలిజంతో పోల్చితే తేడాలే ఎక్కువ కనిపిస్తాయి. మలిమధ్యయుగ ఇంగ్లండ్ ఒప్పంద వ్యవస్థతో పోల్చితే సామ్యం స్పష్టపడుతుంది. రెండింటిలోనూ బంధానికి మూలం జన్మ కన్నా సేవ. రెండింటిలోనూ మామూలు కుటుంబాల వారు సైనిక సేవ ద్వారా పైకి వచ్చారు. కాకతీయ నాయకులలో అనేకులు పాత రాచకుటుంబాల వారు కారని, బిరుదుల ద్వారా, దానాల ద్వారా తమ గౌరవాన్ని తామే నిర్మించుకున్నారని సింథియా టాల్బట్ 2001 నాటి తన గ్రంథంలో శాసనాల ఆధారంగా నిరూపించింది. భేదం కూడా ముఖ్యమైనదే. ఇంగ్లండ్ అనుచరునికి అందింది ప్రధానంగా నగదు. తెలంగాణ నాయకునికి అందింది ఊళ్ళ ఆదాయం. అందువల్ల ఇక్కడి నాయకునికి గ్రామంలోని చెరువు, పంట, సుంకం ప్రత్యక్ష ప్రయోజనాలు. చెరువు తెగితే అతని సైన్యం కూడా బలహీనపడుతుంది.

వ్యక్తిగత విధేయత మీద నిలిచిన వ్యవస్థకు ఒక బలం, ఒక బలహీనత ఉన్నాయి. కేంద్రం కూలినా నాయకులు మిగులుతారు. కాని వారిని ఒక్కటిగా నిలిపే శక్తి మిగలదు. 1323 తరువాత జరిగినది ఇదే.

4. 1323 తరువాత – చేతులు మారిన సరిహద్దు:

ఢిల్లీ సేనలు 1309–10లో మాలిక్ కాఫర్ నాయకత్వంలో, 1318లో ఖుస్రూఖాన్ నాయకత్వంలో ఓరుగల్లుపై దండెత్తి కప్పం పొందాయి. 1321లో ఉలుగ్‌ఖాన్ చేసిన ముట్టడి విఫలమైంది. 1323లో అతడు మళ్ళీ వచ్చాడు. ఈసారి వెనుక దారిని భద్రపరచుకుంటూ వచ్చాడు. బీదరును పట్టుకున్నాడు. బోధన్‌ను కొద్ది రోజుల ముట్టడిలోనే లొంగదీసుకున్నాడు. ఆ తరువాతనే ఓరుగల్లును చేరాడు. ఓరుగల్లు పతనానికి ముందు బోధన్ పతనం జరిగిందన్న సంగతి సాధారణ చరిత్ర పుస్తకాలలో ఒక వాక్యానికి మించి ఉండదు. వ్యూహపరంగా చూస్తే సరిహద్దు మజిలీ చేజారడం అంటే రాజధానికి దారి తెరుచుకోవడమే.

ప్రతాపరుద్రుడు బందీగా ఢిల్లీకి వెళుతూ నర్మదా తీరంలో మరణించాడని సుమారు 1330 నాటి ముసునూరి ప్రోలయ నాయకుని విలస శాసనం తెలుపుతున్నది. ఓరుగల్లు సుల్తాన్‌పూర్ అయింది. అయితే ఢిల్లీ అధికారం ఇక్కడ పదిహేనేళ్ళు కూడా నిలవలేదు. మాబార్ తిరుగుబాటును అణచడానికి బయలుదేరిన ముహమ్మద్ బిన్ తుగ్లక్ సేన తెలంగాణలో, సుమారు 1335లో, ఒక మహమ్మారికి గురైంది. సుల్తాను స్వయంగా జబ్బుపడి వెనుదిరిగాడు. బరనీ, ఇబన్ బతూతా రచనలలో ఈ ఘటన ప్రస్తావన ఉంది. ఆ వెంటనే ముసునూరి కాపయ నాయకుడు ఓరుగల్లును స్వాధీనం చేసుకున్నాడు. డెబ్బైఐదుగురు నాయకులు అతనిని సేవించారని కలువచేరు శాసనం చెబుతున్నది. నాయంకర వ్యవస్థ రాజవంశం కన్నా ఎక్కువ కాలం బతికిందని దీనివల్ల తెలుస్తున్నది.

1347లో బహమనీ రాజ్యం ఏర్పడింది. 1350 ప్రాంతంలో కాపయ నాయకుడు కౌలాస్ కోటను బహమనీలకు వదులుకోవలసి వచ్చింది. నేటి కామారెడ్డి జిల్లాలోని కౌలాస్ చేజారడంతో మంజీరా పరివాహక ప్రాంతం ఓరుగల్లుకు దూరమైంది. బహమనీ రాజ్యాన్ని నాలుగు తరఫులుగా విభజించినప్పుడు ఇందూరు, కౌలాస్ బీదరు తరఫులో చేరాయి. గోల్కొండ ప్రాంతం ఆ తరువాత, 1360లలో, బహమనీల వశమైంది. కాపయ నాయకుడు రేచర్ల పద్మనాయకులతో జరిగిన పోరులో మరణించాడు. ఓరుగల్లు మాత్రం 1424–25 దాకా బహమనీ రాజ్యంలో చేరలేదు.

ఈ తేదీలను వరుసగా చూస్తే ఒక విషయం తేటపడుతుంది. ఇందూరు–బోధన్ సీమ ఓరుగల్లు కన్నా సుమారు డెబ్బైఅయిదేళ్ళ ముందే బహమనీ పాలనలోకి వెళ్ళింది. రాచకొండ, దేవరకొండలలో పద్మనాయకుల పోషణలో సాహిత్యం, అలంకారశాస్త్రం వర్ధిల్లుతున్న కాలంలో ఇందూరు సీమ బీదరు వైపు చూస్తూ ఉంది. 'తెలంగాణ మలిమధ్యయుగం' అన్న ఒకే పేరు కింద ఈ రెండు అనుభవాలను కలిపివేయడం సరికాదు.

5. దేవల్ మసీదు – ఒక కట్టడాన్ని చదవడం:

బోధన్‌లోని దేవల్ మసీదు పేరులోనే రెండు చరిత్రలున్నాయి. నక్షత్రాకారపు పునాది, చెక్కడాలున్న రాతి స్తంభాలు దీని పూర్వరూపం దేవాలయమని చెబుతాయి. రాష్ట్రకూట కాలపు ఇంద్రనారాయణాలయం ఇదేనని పండితులు సాధారణంగా గుర్తిస్తారు. తుగ్లక్ కాలంలో ఇది మసీదుగా మారింది. ఇక్కడి పారశీక శాసనాలను గులాం యజ్దానీ ప్రకటించాడు.

ఈ కట్టడం మీద మాట్లాడేటప్పుడు రెండు తొందరపాట్లు జరుగుతుంటాయి. మార్పును దాచిపెట్టడం ఒకటి. ఈ ఒక్క మార్పు నుంచి మొత్తం కాలపు స్వభావాన్ని నిర్ణయించడం రెండవది. శాసనాధారాలు రెండింటినీ అంగీకరించవు. బోధన్‌లో జయించిన నగరపు ప్రధానాలయం మసీదు అయింది. ఓడిన రాజ్యాధికారానికి చిహ్నంగా ఉన్న ఆలయాన్ని గెలిచిన రాజ్యం లక్ష్యం చేసుకోవడాన్ని రిచర్డ్ ఈటన్ దక్కన్‌తో సహా పలు ప్రాంతాలలో గుర్తించాడు. అదే ముహమ్మద్ బిన్ తుగ్లక్ పాలనలో, 1326లో, బోధన్‌కు పడమటనున్న కల్యాణిలో స్థానిక కలతల వల్ల ఆగిపోయిన శివాలయ పూజలను అధికారులు పునరుద్ధరింపజేశారు. ఆ సంగతిని తెలిపే శాసనం సంస్కృతంలో ఉంది. మూడేళ్ళ వ్యవధిలో, ఒకే రాజ్యంలో, రెండు ఆలయాలకు రెండు గతులు పట్టాయి. ఒకటి యుద్ధ సమయపు చర్య, మరొకటి పాలన సమయపు చర్య. గుడిని కోల్పోయిన బోధన్ ప్రజల బాధను ఈ వివరణ తగ్గించదు. అది ఎప్పుడు, ఎందుకు జరిగిందో మాత్రం నిర్దిష్టంగా చెబుతుంది.

మనుషుల జీవితాలలోనూ ఈ సంక్లిష్టత ఉంది. కాకతీయ రాజ్యానికి చెందిన ఒక తెలుగు అధికారి ఇస్లాంను స్వీకరించి మాలిక్ మక్బూల్ అయ్యాడు. ఫిరూజ్‌షా తుగ్లక్ కాలంలో ఖాన్-ఎ-జహాన్ బిరుదుతో ఢిల్లీ ప్రధానమంత్రిగా పనిచేశాడు. 16వ శతాబ్ది ప్రారంభంలో ఓరుగల్లును పట్టుకొని, అక్కడి దేవతలను తిరిగి ప్రతిష్ఠించిన సీతాపతి చరిత్రలో షితాబ్‌ఖానుగా ప్రసిద్ధుడు. మతం, భాష, విధేయత అనే మూడు గీతలు ఈ కాలంలో ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చోవు.

6. ఆర్థికం – చెరువు అనే పెట్టుబడి:

ఎత్తుపల్లాల తెలంగాణ నేలలో జీవనది నీరు పొలానికి ఎక్కదు. వాన నీటిని వాలుకు అడ్డంగా కట్టతో ఆపి, తూము ద్వారా వదిలి, మిగులు నీటిని మత్తడి మీదుగా దిగువ చెరువుకు పంపడమే ఇక్కడి సేద్యానికి ఆధారం. ఒక చెరువు మత్తడి దుమికితే మరొక చెరువు నిండుతుంది. అందుచేత గొలుసుకట్టు చెరువులలో ఏ ఊరూ పూర్తిగా స్వతంత్రం కాదు. పాకాల, రామప్ప, లక్నవరం వంటి పెద్ద చెరువుల పేర్లు ప్రసిద్ధం. కాని ఆర్థిక వ్యవస్థను నిలిపినవి అసంఖ్యాకమైన చిన్న చెరువులు.

చెరువు తవ్వడం సప్తసంతానాలలో ఒకటి, అంటే పుణ్యకార్యం. అది అంతటితో ఆగదు. కొత్త చెరువు కింద కొత్త మాగాణి ఏర్పడుతుంది. కొత్త మాగాణి నుంచి రాజుకు పన్ను, గుడికి వృత్తి, నాయకునికి ఆదాయం వస్తాయి. చెరువు కట్టించిన వానికి, లేదా తెగిన కట్టను బాగుచేయించిన వానికి, దాని కింది భూమిలో కొంత భాగం పన్ను లేకుండా అనుభవించే హక్కు లభించేది. పదోవంతును సూచించే దశబంధం అన్న పేరు దానికే ఏర్పడింది. ఈ ఏర్పాటులోని సూక్ష్మం గమనించదగినది. చెరువును నిర్వహించే బాధ్యత, చెరువు వల్ల వచ్చే లాభం ఒకే చేతిలో ఉన్నాయి. చెరువు ఎండితే దశబంధం భూమి కూడా ఎండుతుంది. కనుక పర్యవేక్షణకు వేరే అధికారి అవసరం తక్కువ.

వ్యాపారరంగంలో రాజ్యం పాత్ర మోటుపల్లి అభయ శాసనంలో (1244–45) కనిపిస్తుంది. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును పూర్వపు రాజులు స్వాధీనం చేసుకునేవారని, ఇకపై నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటామని గణపతిదేవుడు అందులో ప్రకటించాడు. లోతట్టు ప్రాంతంలో స్వదేశి, పరదేశి, నానాదేశి పెక్కండ్రు అనే వర్తక సమూహాలు సంతలను నడిపాయి. ఓరుగల్లు మట్టెవాడ అంగడిలో సరుకుల వారీగా సుంకాలను నిర్ణయించుకొని దేవాలయానికి సమర్పించిన శాసనం ఆనాటి సరుకుల జాబితాగా ఉపయోగపడుతుంది. పడమటి దారి మీదున్న బోధన్ వంటి మజిలీల ప్రాముఖ్యాన్ని ఈ వాణిజ్య నేపథ్యంలో అర్థం చేసుకోవాలి.

7. సమాజం – ఆయం, బిరుదు, మౌనం:

గ్రామ జీవితాన్ని నడిపినది ఆయగాళ్ళ వ్యవస్థ. రెడ్డి, కరణం, పురోహితుడు, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి, తలారి, నీరటికాడు మొదలైన వారికి పంటలో ఆయం, లేదా మాన్యం భూమి ఉండేది. శాసనాలలోని 'అష్టాదశ ప్రజ' అన్న మాట గ్రామ సముదాయాన్ని మొత్తంగా సూచిస్తుంది. కల్లంలో ధాన్యం కొలిచేటప్పుడు ఎవరి పాలు వారికి తీసిన తరువాతనే రైతు ఇంటికి గింజ చేరేది. ఇది పరస్పర పోషణ. అదే సమయంలో అంతరాల వ్యవస్థ కూడా. ఆయం హక్కుగా అందిన వారికి, ఊరి చివర వెట్టిగా పనిచేసిన వారికి మధ్య దూరాన్ని 'గ్రామ స్వయంసమృద్ధి' అన్న అందమైన మాట కప్పివేయరాదు.

సమాజంలో చలనం లేదని కూడా చెప్పలేము. శాసనాలలో దాతలు తమను వర్ణం పేరుతో కన్నా బిరుదుతో, పదవితో, తండ్రి పేరుతో పరిచయం చేసుకోవడమే ఎక్కువ. రుద్రమదేవి పురుష నామంతో రాజ్యం చేసి, 1289లో మరణించేదాకా యుద్ధరంగంలో ఉన్నట్లు చందుపట్ల శాసనం వల్ల ఊహించవచ్చు. పాల్కురికి సోమనాథుని కావ్యాలలో చాకలి, కుమ్మరి, బోయ వంటి శ్రమజీవులు భక్తులుగా, కథానాయకులుగా నిలిచారు. ఓరుగల్లు వీధుల్లోని జనజీవనం క్రీడాభిరామంలో కనిపిస్తుంది. సురవరం వారు సాంఘిక చరిత్రను కావ్యాల నుంచి సేకరించడానికి కారణం ఇదే.

అయినప్పటికీ ఒక మౌనం మిగులుతుంది. శాసనం దాత పక్షాన మాట్లాడుతుంది. దానం ఇవ్వగలిగిన వాడే రాయి మీదికి ఎక్కుతాడు. చెరువు కట్ట మీద మన్ను మోసిన వారి పేరు ఏ శాసనంలోనూ ఉండదు.

8. ఇంగ్లండ్‌తో పోలిక – ఉపయోగం, పరిమితి:

1348–49లో ఇంగ్లండ్‌ను తాకిన ప్లేగు జనాభాలో మూడోవంతు నుంచి సగం వరకు బలిగొన్నది. భూమి మిగిలింది, పనిచేసే చేతులు కరువయ్యాయి. కూలి రేట్లు పెరిగాయి. పెరిగిన కూలిని పాత స్థాయిలో ఆపడానికి 1349లో ఉత్తర్వు, 1351లో శ్రామిక శాసనం వచ్చాయి. తలపన్ను భారం తోడు కాగా 1381లో రైతులు తిరగబడ్డారు. తిరుగుబాటును అణచివేసినా, తరువాతి వందేళ్ళలో భూమికి కట్టుబడిన దాస్యం క్రమంగా సన్నగిల్లింది.

తెలంగాణలో పరిస్థితి వేరు. ఇక్కడి 1335 మహమ్మారి రాజకీయ ఫలితం స్పష్టం. అది ఢిల్లీ పట్టును సడలించింది. దానిని ఐరోపా ప్లేగుతో ఒకటిగా భావించడానికి ఆధారం లేదు. ఇక్కడ భూమి మొదటి నుంచీ విరివిగానే ఉంది. కొరతగా ఉన్నవి నీరు, దానిని నిలబెట్టే శ్రమ. అందుచేత ఇంగ్లండ్ ప్రభువు మనిషిని భూమికి కట్టివేయడానికి ప్రయత్నించిన చోట, తెలంగాణ పాలకుడు చెరువు ద్వారా మనిషిని ఊరికి రప్పించడానికి ప్రయత్నించాడు. కొత్త చెరువు, కొత్త ఊరు, పన్ను మినహాయింపు అనే మూడూ కలిసి రావడానికి ఇదే కారణం.

మరొక భేదం ఆధారాలలో ఉంది. ఇంగ్లండ్‌లో మేనర్ కోర్టు దస్త్రాలు ఉన్నాయి. ఎవరు జరిమానా కట్టారు, ఎవరు పారిపోయారు, ఎవరు కౌలు నిరాకరించారు అన్నవి వాటిలో నమోదయ్యాయి. అందుకే అక్కడి రైతు అసమ్మతి చరిత్రకు కనిపిస్తుంది. తెలంగాణ గ్రామంలో అటువంటి దస్త్రం మిగలలేదు. మిగిలిన దానశాసనంలో అసమ్మతికి చోటు లేదు. కాబట్టి 'ఇక్కడ రైతు తిరుగుబాట్లు లేవు' అన్న నిర్ణయం సమాజం గురించిన నిర్ణయం కాదు. అది ఆధారాల స్వభావం నుంచి పుట్టిన భ్రమ కావచ్చు. పరిశోధకులు ఈ హెచ్చరికను మరువరాదు.

9. చెరువు నుంచి చెరకు దాకా:

గోల్కొండ, మొగలు, ఆసఫ్‌జాహీ పాలనలలో నాయకుని స్థానంలో దేశ్‌ముఖ్, రెడ్డి–కరణాల స్థానంలో పటేల్–పట్వారీ అన్న పేర్లు స్థిరపడ్డాయి. ఆదాయం ఎవరికి చేరాలన్నది మారింది. ఊరి పాయలో చెరువు స్థానం చాలా కాలం మారలేదు.

అసలైన మార్పు 20వ శతాబ్దంలో వచ్చింది. 1923లో ప్రారంభమై 1931లో పూర్తయిన నిజాంసాగర్, మంజీరా నీటిని కాలువల ద్వారా బోధన్ పొలాలకు తెచ్చింది. 1937లో చక్కెర కర్మాగారం వచ్చింది. ఊరి కట్ట మీది నిర్ణయం ఇంజనీరు కార్యాలయానికి, కల్లంలోని కొలత కర్మాగారపు తూకానికి మారాయి. చెరకు రైతుకు నగదు వచ్చింది. కాని నీటిని నిర్వహించే వాడు ఒకడు, వాడుకునే వాడు మరొకడు, ధర నిర్ణయించే వాడు ఇంకొకడు అయ్యారు. దశబంధంలో ఒకే చేతిలో ఉన్న బాధ్యత, లాభం ఇక్కడ విడిపోయాయి.

కర్మాగారం 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్ళి, 2015 డిసెంబరులో మూతపడింది. అదే ఏడాది మార్చి 12న, అప్పటి నిజామాబాద్ జిల్లాలోని సదాశివనగర్ పాత చెరువు వద్ద, రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణకు ఉద్దేశించిన మిషన్ కాకతీయ ప్రారంభమైంది. ఒకే జిల్లాలో, ఒకే ఏడాదిలో, ఆధునిక ఆర్థిక వ్యవస్థకు చిహ్నమైన కర్మాగారం ఆగిపోగా మధ్యయుగ ఆర్థిక వ్యవస్థకు చిహ్నమైన చెరువు ప్రభుత్వ కార్యక్రమం అయింది. పూడిక తీయడంతో చెరువు లోతు తిరిగి వస్తుంది. కాకతీయుల పేరు కూడా తిరిగి వచ్చింది. చెరువును ఏటేటా ఎవరు చూసుకోవాలి, చూసుకున్న వారికి ఏమి దక్కాలి అన్న కాకతీయ కాలపు సమాధానం మాత్రం ఇంకా తిరిగి రావలసే ఉంది. దానిని యథాతథంగా తేవడమూ సాధ్యం కాదు. ఎందుకంటే ఆనాటి సమాధానం అసమానతల మీద నిలిచింది. నేటి సమాధానం ప్రజాస్వామికంగా ఉండాలి.

10. ముగింపు:

- ఇందూరు–బోధన్ సీమ సుమారు 1350 నుంచే బహమనీ బీదరు వైపు మళ్ళింది. కనుక తెలంగాణ మలిమధ్యయుగాన్ని ఓరుగల్లు కాలక్రమంతో మాత్రమే కొలవరాదు.

- నాయంకరాన్ని తొలి ఐరోపా ఫ్యూడలిజంతో కాక, అదే కాలపు ఇంగ్లండ్‌లోని సేవా ఒప్పంద వ్యవస్థతో పోల్చడం సముచితం. ఊరి ఆదాయంతో ఉన్న ముడి నాయంకరం ప్రత్యేకత.

- దేవల్ మసీదును 1326 కల్యాణి శాసనంతో కలిపి చదివినప్పుడు, యుద్ధ సమయపు చర్యకు, పాలనా విధానానికి గల భేదం స్పష్టమవుతుంది.

- ఈ ప్రాంతపు ఆర్థిక వ్యవస్థకు కీలకం భూమి కన్నా నీరు. దశబంధం బాధ్యతను, లాభాన్ని ఒకచోట చేర్చింది.

- దానశాసనాలు శ్రమజీవుల విషయంలో మౌనంగా ఉంటాయి. ఆ మౌనాన్ని సాహిత్యం, ఊరి పేర్లు, చెరువుల పేర్లు, కులపురాణాలు, మౌఖిక కథనాల ద్వారా కొంతవరకు పూరించవచ్చు.

చివరి అంశం తెలుగు శాఖల పరిశోధకులకు ప్రత్యేకంగా సంబంధించినది. శాసన పాఠాన్ని చదవడం, పూర్వ కావ్య భాషను అర్థం చేసుకోవడం, మాండలిక పదాలను గుర్తించడం వారి శిక్షణలో భాగం. మంజీరా తీరపు ఊళ్ళలో కట్ట, తూము, మత్తడి, శిఖం వంటి మాటలను ఇంకా సహజంగా వాడే తరం జీవించి ఉండగానే ఆ సేకరణ జరగవలసి ఉంది.